స్టాన్ క్రీక్ జిల్లా: బస హాప్కిన్స్‌లో, ప్లసెన్సియాకు ఒక పూట చాలు

మధ్య అమెరికాలోని చిన్న దేశం బెలీజ్ అనగానే అందరూ శాన్ పెడ్రో పట్టణం ఉన్న అంబర్‌గ్రిస్ కే దీవికే టికెట్లు తీసుకుంటారు. మేం మాత్రం హ్యూస్టన్ నుంచి నేరుగా ఆ దేశంలో దక్షిణాన ఉన్న స్టాన్ క్రీక్ జిల్లాకు వెళ్లాం. దేశం మొత్తానికి ఉన్నవే ఆరు జిల్లాలు, అందులో ఇదొకటి. పడమటి వైపు మాయా కొండలు, తూర్పున కరీబియన్ సముద్రం, మధ్యలో నారింజ తోటలు, ఇంకాస్త కిందకి వెళ్తే అరటి తోటలు. పొద్దున అడవి చూసి సాయంత్రానికి సముద్రంలో దిగొచ్చు.

జిల్లా అంటే మనకు కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్తు గుర్తొస్తాయి కదా, ఇక్కడ జిల్లా మొత్తానికి కలిపి ఎన్నికైన పాలకవర్గమే లేదు. పార్లమెంటుకు రెండు సీట్లున్నాయి, డాంగ్రిగా, స్టాన్ క్రీక్ వెస్ట్. డాంగ్రిగా పట్టణానికి మేయరు, ఆరుగురు కౌన్సిలర్లు. ఊళ్లకైతే చైర్‌పర్సన్, ఆరుగురు సభ్యులతో విలేజ్ కౌన్సిళ్లు, మూడేళ్లకోసారి ఎన్నిక. అంత ఖరీదైన రిసార్టులున్న ప్లసెన్సియా కూడా లెక్క ప్రకారం పల్లెటూరే! పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఈ ప్రాంతానికి పెద్ద ఆసుపత్రి డాంగ్రిగాలో ఉంది, ప్లసెన్సియా నుంచి అక్కడికి రావాలంటే రోడ్డు మీద చాలా టైమ్ పడుతుంది.

రాజధాని బెల్మోపాన్ నుంచి డాంగ్రిగా వైపు హమ్మింగ్‌బర్డ్ హైవే, సుమారు 54 మైళ్లు. కొండల మధ్య మలుపులు తిరుగుతూ పోయే ఈ రోడ్డు మీద రాత్రిపూట మాత్రం నడపొద్దు, ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు చెప్పాపెట్టకుండా వస్తాయి. కారు వద్దనుకుంటే బస్సులున్నాయి. అమెరికాలో రిటైరైన పసుపు స్కూలు బస్సులే ఇక్కడ రంగులు మార్చుకుని తిరుగుతుంటాయి. ఏసీ ఉండదు, సీట్లు పిల్లల సైజు, కానీ చవక, చెయ్యెత్తితే ఎక్కడైనా ఆపుతాడు.

డాంగ్రిగాలో రాత్రి ఉండాల్సిన పని లేదు, నవంబరు 19 చుట్టుపక్కల వెళ్తే తప్ప. 1832లో గరీఫునా జనం (ఆఫ్రికన్లు, కరీబియన్ ఆదివాసులు కలిసిన సంతతి) పడవల్లో ఇక్కడికి చేరిన రోజది, దేశమంతా సెలవు, ఊరంతా డప్పులే. మిగతా రోజుల్లో గరీఫునా చరిత్ర చెప్పే గులిసి మ్యూజియం చూసుకుని ముందుకు కదలండి.

బసకు నా ఓటు హాప్కిన్స్‌కే. ఇదీ గరీఫునా ఊరే. 1941 తుఫానుకు న్యూటౌన్ అనే పాత ఊరు కొట్టుకుపోతే ఆ జనం వచ్చి కట్టుకున్నది. ఒకటే పొడుగాటి వీధి, సైకిల్ అద్దెకు తీసుకుంటే చాలు. మేం తిన్న చోట ఒక పెద్దావిడ నడుమెత్తు చెక్క రోట్లో ఉడికిన పచ్చి అరటికాయలు, పండినవి కలిపి వేసి, పొడుగు రోకలితో దంచి, మధ్యమధ్య చెయ్యి తడి చేసుకుంటూ ముద్ద తిప్పింది. దాని పేరు హుదుత్, కొబ్బరిపాలలో ఉడికిన చేపతో పెడతారు. ముద్ద చేత్తో తుంచుకుని పులుసులో అద్దుకుని తినడమే, మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. శాకాహారులకు మాత్రం కష్టం. రైస్ అండ్ బీన్స్ చూసి సంబరపడొద్దు, అందులో పంది తోక వేసి వండడం ఇక్కడి అలవాటు, అడిగి మరీ తీసుకోండి. మేరీ షార్ప్స్ హాట్ సాస్ ఈ జిల్లాదే, మన నాలుకకు సరిపోయే కారం.

డబ్బు దగ్గర జాగ్రత్త. రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికా డాలరు, ధర ఏ డాలర్లలో చెప్తున్నారో ముందే అడగాలి. హోటల్ గది మీద 9 శాతం పన్ను ఉంటుంది. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో ఆన్‌లైన్‌లో చూపించిన రేటు ఒకటి, ఖాళీ చేసేటప్పుడు దాని మీద పన్నూ, సర్వీస్ ఛార్జీ కలిపి ఇచ్చిన బిల్లు ఇంకొకటి. గది శుభ్రంగానే ఉంది, మనుషులూ మంచివాళ్లే, ఆ ఒక్క పద్ధతే నచ్చలేదు.

జాగ్వార్‌ల కోసం పెట్టిన కాక్స్‌కోంబ్ అభయారణ్యానికి దారి మాయా సెంటర్ ఊరి మీదుగా. నిర్వహణ బెలీజ్ ఆడుబాన్ సొసైటీది. ఒకప్పుడు అడవి లోపల ఉన్న మాయా తెగ కుటుంబాలను బయటికి పంపేస్తే చాలామంది మాయా సెంటర్‌లో స్థిరపడ్డారు, ఇప్పుడు గైడ్లుగా ఉన్నది ఎక్కువగా ఆ ఊరివాళ్లే, కాబట్టి అక్కడివాళ్లనే పెట్టుకోండి. జాగ్వార్ కనపడుతుందని ఆశపడకండి, మాకు బురదలో అడుగుజాడలే దక్కాయి. కానీ ట్యూబులో కూర్చుని ఏట్లో తేలుతూ రావడం పిల్లలకు పండగే.

ఇక ప్లసెన్సియా. 16 మైళ్ల సన్నని ద్వీపకల్పం కొసన ఉంటుంది, మధ్యలో ఇళ్ల సందుల్లోంచి పోయే కాంక్రీటు కాలిబాట బాగుంటుంది. ఇసుక హాప్కిన్స్ కన్నా మెత్తన, రేట్లు మాత్రం ఎక్కువ. పూట గడిపి వచ్చేయొచ్చు. దక్షిణానికి వెళ్లేవాళ్లు అటు నుంచి ఇండిపెండెన్స్ అనే ఊరికి పడవ ఎక్కితే చుట్టు తిరగక్కర్లేదు, అక్కడ ఇంకా దక్షిణాన ఉన్న పుంటా గోర్డా పట్టణానికి బస్సు దొరుకుతుంది.

పగడపు దిబ్బలు ఇక్కడ శాన్ పెడ్రోలోలా ఒడ్డుకు దగ్గరగా ఉండవు, పడవలో చాలాసేపు పోవాలి, అలలకు వాంతులయ్యేవాళ్లు ముందే మాత్ర వేసుకోండి. తిమింగల సొరచేపలు చూడాలంటే మార్చి–జూన్ మధ్య పున్నమి చుట్టూ ఉన్న రోజుల్లో ప్లసెన్సియా నుంచి గ్లాడెన్ స్పిట్ అనే పగడపు దిబ్బ దగ్గరికి బోట్లు వెళ్తాయి. వానలు తక్కువగా ఉండేది ఫిబ్రవరి నుంచి మే దాకా, జూన్ నుంచి తుఫాన్ల టెన్షన్ మొదలు. ఇసుక ఈగలకు ఏ కాలమూ లేదు, కాళ్లకు కొబ్బరినూనె రాసుకోకుండా సాయంత్రం ఒడ్డున కూర్చోకండి.