మైపాడు ప్రయాణం: నెల్లూరులో పోయిన డబ్బు, రేవులో దొరికిన పనివాడు

మార్చి మొదటి వారంలో మా బావగారి 18 అడుగుల తెరచాప పడవను (గాలి లేనప్పటికి చిన్న పెట్రోలు ఇంజనూ ఉంది) చెన్నై నుంచి ట్రైలరు మీద నెల్లూరు జిల్లా మైపాడుకు తీసుకువెళ్లాము. బస చేసిన గది రోజుకు రూ.1,600; శుభ్రంగానే ఉంది. నేను రాయదలచినది నెల్లూరులో మాకు పెట్రోలు ఫిల్టరు బిగించిన దుకాణం గురించి, ఆ బిగింపును మొదటి నుంచి మళ్లీ చేసిన ఒక పెద్దాయన గురించి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు తేమలో సగం నిండిన ట్యాంకు చాలాకాలం ఉంటే లోపల చెమ్మ పట్టి, మోతాదు మించగానే ఆ నీరు ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకొని అడుక్కు దిగిపోతుంది. అందుకే నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టిద్దామని బావగారిని నేనే ఒప్పించాను. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) రంధ్రాల ఫిల్టరు, దాని కింద లోపలిది కనిపించే గిన్నె, పైన పైపులు తగిలించే అల్యూమినియం మూత కలిపి రూ.4,350, బిగింపు కూలి రూ.900 తీసుకున్నారు. మేము టీ తాగి వచ్చేసరికే పని అయిపోయిందన్నారు. అంత తొందరగా అయిందంటే అప్పుడే అనుమానించి ఉండవలసింది.

మరునాటి ఉదయం పెన్న సముద్రంలో కలిసే చోటికి చేరువగా ఉన్నప్పుడు గాలి పడిపోయింది. ఇంజను వేస్తే పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు ఎక్కించడానికి పిసికే, పైపులోని రబ్బరు బల్బు ఎంత పిసికినా గట్టిపడలేదు. నీటి వడి ఇసుక మేట వైపు తోస్తుంటే లంగరు వేసి కూర్చున్నాము. ముప్పావు గంట తరువాత ఒక ఫైబరు బోటువారు తాడు వేసి రేవుకు లాగారు. పెట్రోలు ఖర్చు రూ.300 తప్ప ఇంకేమీ పుచ్చుకోలేదు. అంతసేపూ బావగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఫిల్టరును చూసి, ‘‘ఇది పడుకోబెట్టి బిగించినారు అబ్బయ్యా, నీళ్లు కిందికి ఎట్ల దిగతాయి? నిలువుగా ఉండాల, కింద గ్లాసు పట్టే చోటు ఉండాల’’ అన్నాడు. తప్పు అదొక్కటే కాదు. లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు తారుమారయ్యాయి. పైపులు బిగించే మర చుట్ల మీద చుట్టిన తెల్ల టేపు పీలికలు పైపులోకి జారాయి. ఒక క్లాంపు వదులై గాలి లాగుతున్నది. బల్బు గట్టిపడకపోవడానికి కారణం అదే.

గిన్నె అడుగు మరను తిప్పి ఒక సీసాలోకి వదిలి మా కళ్ల ముందు ఎత్తి పట్టుకున్నాడు. పైన నూనె కలిసిన పెట్రోలు (ఈ ఇంజనుకు నూనె కలిపే పోయాలి), అడుగున రెండు వేళ్ల మందాన నీరు, మధ్య దారం లాగి కట్టినట్లు ఒక గీత. అలా విడిపోయిన పెట్రోలును ఏ ఫిల్టరూ మళ్లీ బాగుచేయలేదని చెప్పి, ట్యాంకులోని ఏడు లీటర్లనూ వేరే డబ్బాలోకి తీయించాడు. తరువాత పడవ వెనుక పలకకు, ట్యాంకుకూ బల్బుకూ మధ్య వచ్చేలా ఫిల్టరును నిలువుగా బిగించి, మూత మీది బాణం గుర్తు చూసి పైపులు తగిలించాడు. టేపు బదులు పెట్రోలుకు కరగని పేస్టు రాశాడు. పైపు ప్రతి కొసకూ రెండేసి స్టీలు క్లాంపులు వేశాడు. ఫిల్టరు రబ్బరు వాషరుకు చుక్క నూనె పూసి, పానా ముట్టుకోకుండా చేతితోనే బిగించాడు. 10 లీటర్ల కొత్త పెట్రోలులో 200 మిల్లీలీటర్ల నూనె కలిపించి, బల్బు రాయిలా అయ్యే వరకు పిసికి, ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి తడి ఉందేమో చూశాడు. రెండు గంటల పనికి, సామాన్లతో కలిపి, అడిగినది రూ.850.

నెల్లూరు దుకాణానికి ఫోను చేసి కూలి తిరిగి ఇమ్మంటే కుదరదన్నారు. ఈ ఫిల్టరు పెట్టించేవారు పక్కనే నిలబడి చేయించుకోండి. గిన్నె నిలువుగా లేకపోతే డబ్బు ఇవ్వకండి.

ఆ మధ్యాహ్నం రేవు దగ్గరి పాకలో మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసుతో భోజనం రూ.180. బావగారు రెండోసారి అన్నం పెట్టించుకొని అప్పుడు నాతో మాట్లాడారు. మూడో రోజు ఉదయం గిన్నె అడుగున చెంచాడు నీరు కనిపిస్తే, నన్ను లేపకుండా తానే మర తిప్పి తీసేశారు.