నారింజ దీపాన్ని నమ్మాను: పదేళ్లు వాడిన డీజిల్ కారు సమీక్ష

మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని సంచులు పడతాయి అన్నవి ఇక్కడ రాయను. ఈ తరహా చిన్న డీజిల్ కార్ల గురించి అవన్నీ అందరికీ తెలుసు. మాది 2014లో కొన్నాం, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నేను చెప్పదలచుకున్నది తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద వెలిగే ఆ నారింజ దీపం గురించే. మెలికలు తిరిగిన తీగ బొమ్మ ఉంటుందే, అది. చల్లటి డీజిల్ ఇంజను అందుకునేలా సిలిండర్లను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గుల దీపం. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

మొదటి ఎనిమిదేళ్లు కారు హైదరాబాదులో, అపార్టుమెంటు సెల్లారులో ఉండేది. సెల్ఫ్ కొట్టీ కొట్టకముందే ఇంజను అందుకునేది. ఎవరు అడిగినా ‘ఈ ఇంజనుకు తిరుగు లేదు’ అని చెప్పేవాణ్ణి. నా మాట మీద మా బావమరిది కూడా ఇదే కొన్నాడు. అప్పటి మాటను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. ఆ సెల్లారులో ఇంజనుకు చలి అంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు.

2022లో ఆదిలాబాదుకు బదిలీ అయింది. అద్దె ఇంటికి షెడ్డు లేదు, రాత్రంతా కారు మంచులోనే. ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. రెండో చలికాలంలో ఒక ఉదయం తాళం తిప్పాను. దీపం వెలిగింది, ఆరింది. అంతా సరిగ్గానే ఉందనుకుని సెల్ఫ్ కొట్టాను. నాలుగోసారికి గానీ అందుకోలేదు. అందుకున్నా, కుంటుతున్నట్టు కారంతా ఊగింది. వెనక సైలెన్సరు నుంచి తెల్లటి పొగ లేచి, పక్కింటి తులసికోట కూడా కనిపించకుండా కమ్మేసింది. కళ్లు మండాయి. రెండు నిమిషాల్లో పొగ పలచబడి ఆగిపోయింది. ఆ తర్వాత రోజంతా దాని జాడే లేదు. మర్నాడు ఉదయం మళ్లీ అదే.

మొదట చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూశాడు. ‘హెడ్ గ్యాస్కెట్ పోయింది. నీళ్లు లోపలికి వెళ్తున్నాయి. హెడ్ విప్పాలి, ముప్పై వేలు అవుతుంది’ అన్నాడు. (ఇంజను దిమ్మకూ, దాని మీద మూతలా ఉండే హెడ్డుకూ మధ్య ఉండే సీలే గ్యాస్కెట్.) నేను నాలుగు కిలోమీటర్లు నడిపి తీసుకెళ్లిన కారు అది, అప్పటికే వేడెక్కింది. అతను పొగను చూడనే లేదు.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) డబ్బా మీద మార్కరుతో గీత గీసి, పది రోజులపాటు స్టార్ట్ చేయకముందే టార్చి వేసి చూశాను. మట్టం గీతను వదిలి దిగలేదు. ఆయిల్ మూత విప్పితే, ఆయిల్‌లో నీళ్లు కలిస్తే కట్టే మీగడలాంటి తెట్టు అడుగున లేదు. (చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే కారుకు తేమ వల్ల కూడా కాస్త తెట్టు కడుతుంది, అది ఒక్కటే చూసి భయపడవద్దు. కూలెంట్ గీతే నమ్మదగినది.) సిలిండరులోకి కూలెంట్ పోతుంటే పొగ కొంచెం తీపి వాసన వేస్తుంది, ఇంజను వేడెక్కినా సాధారణంగా ఆగదు. మా కారు పొగ ఆగిపోతోంది.

బస్టాండు వెనక పాత జీపులు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఏదీ విప్పకుండా ముందు అడిగిన ప్రశ్న, ‘వాసన ఎలా ఉంది సార్?’

‘పచ్చి డీజిల్ వాసన.’

‘నీలంగా ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లగా ఉంటే గాలి చాలనట్టు. మీది మండని డీజిల్. రాత్రికి బండి ఇక్కడే వదిలి వెళ్లండి. చల్లబడిన ఇంజనును చూస్తేనే తెలుస్తుంది.’

తెల్లవారి నేను వెళ్లేసరికి నాలుగు హీటర్ ప్లగ్గుల వైర్లూ విడదీసి ఉన్నాయి. మల్టీమీటరు పెట్టి చూపించారు. మొదటిదీ నాలుగోదీ ఒక ఓం లోపు చూపించాయి, అంటే బాగున్నట్టే. రెండోదానిలో, మూడోదానిలో అసలు కరెంటు దారే లేదు, లోపలి తీగ తెగిపోయింది. డీజిల్ ఇంజనులో స్పార్కు ఉండదు, నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. చలికి లోహమే ఆ వేడిని లాగేసుకుంటుంది. ప్లగ్గు చచ్చిన రెండు సిలిండర్లలో డీజిల్ మండక, సన్నని తుంపరగా బయటికి వస్తోంది. అదే తెల్ల పొగ. మిగతా రెండింటి పనితో ఇంజను వేడెక్కాక అన్నీ సర్దుకుంటాయి. హైదరాబాదులోనే ఒకటి పోయి ఉన్నా నాకు తెలిసే వీలు లేదు.

మరి ఆ దీపం? మా కారులో అది ఇన్ని సెకన్లు వెలిగి ఆరాలన్న లెక్క మాత్రమే. ప్లగ్గులు నిజంగా వేడెక్కాయా లేదా అన్నది దానికి తెలియదు. పదేళ్లుగా ‘సిద్ధం’ అని చెబుతోందనుకున్న దీపం ఏమీ చూడకుండానే చెబుతోంది.

విప్పడం మరో పరీక్ష. పాత హీటర్ ప్లగ్గులు హెడ్డులో పట్టేసి, తిప్పేటప్పుడు విరగవచ్చు. విరిగితే హెడ్ విప్పాల్సి రావచ్చు. పెద్దాయన ఇంజను వేడెక్కేదాకా నడిపి, తుప్పు వదిలించే నూనె కొట్టి గంట ఆగారు. మూడోది కదలలేదు. బిగించే వైపు కొద్దిగా, విప్పే వైపు కొద్దిగా, అలా అరగంట. పానా ఒక్కసారి కిర్రుమనగానే నా గుండె ఆగినంత పనైంది. బయటికి వచ్చిన ప్లగ్గు మొన కొరికేసినట్టు ఉంది. నాలుగూ కొత్తవి వేసి, కూలీతో కలిపి ఐదు వేల లోపే తీసుకున్నారు.

ఇప్పుడు ఏడు డిగ్రీల చలిలోనూ మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. కొద్దిగా తెల్లటి ఆవిరి వస్తుంది గానీ కళ్లు మండవు. అది నీటి ఆవిరే.

కొనవచ్చా అంటే, నేను వారానికి రెండుసార్లు నిర్మల్ వెళ్లివస్తాను, హైవే మీద ఇంజనుకు ఒళ్లు వేడెక్కేంత దూరం దొరుకుతుంది. కాబట్టి నాకు ఇది చాలు. ఊళ్లోనే మూడు కిలోమీటర్లు తిరిగేవారికి చెప్పలేను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు కొత్తవి దాదాపు దొరకడం లేదు. పాతది చూడటానికి వెళ్తే మాత్రం పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా తగిలితే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.