ఏడేళ్ల ఉబుంటు వాడకం తర్వాత: ఆప్ట్, దాని అప్‌డేట్ ఎర్రర్లు, నా అభిప్రాయం

నేను ఉబుంటు 18.04తో లినక్స్‌లోకి వచ్చాను (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ లినక్స్; ఉబుంటు అందులో ఒక రకం, 18.04 దాని వెర్షన్ నంబరు). తర్వాత 20.04, 22.04, ఇప్పుడు 24.04. మధ్యలో ఒక ల్యాప్‌టాప్ మారింది, ఇంకొకటి చేరింది. వారానికోసారి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ వెంటనే సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టే అలవాటు మాత్రం అలాగే ఉంది. ఆప్ట్ అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్‌ను దించి, ఇన్‌స్టాల్ చేసే సాధనం. అప్‌డేట్ కొత్తగా ఏమున్నాయో జాబితాలు తెస్తుంది, అప్‌గ్రేడ్ వాటిని ఇన్‌స్టాల్ చేస్తుంది; ముందున్న సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయిన సందర్భాలు ఈ ఏడేళ్లలో ఓ ఇరవై ఉంటాయేమో. ఈ సమీక్ష వాటి గురించే. సాఫీగా నడిచిన రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. (కమాండ్లను పలికే తీరులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో గీతలతో సహా కొట్టాలి.)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎర్రర్ వచ్చినప్పుడు ఆప్ట్ దాదాపు ప్రతిసారీ అసలు కారణం చెబుతుంది. కాకపోతే దాన్ని కంటికి ఆనేచోట చెప్పదు. అది ఎక్కడ చెబుతుందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలిశాక అప్‌డేట్ అంటే టెన్షన్ పోయింది.

అప్‌డేట్ కొట్టగానే స్క్రీన్ మీద లైన్లు పరుగెడతాయి కదా, ప్రతి లైన్ మొదట్లో ఒక చిన్న మాట ఉంటుంది. హిట్ అంటే ఆ జాబితాలో మార్పు లేదు. గెట్ అంటే కొత్తది వస్తోంది. ఇగ్న్ అంటే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లింది, మామూలుగా దానితో ఇబ్బంది లేదు. ఎర్ అని ఉంటేనే అక్కడ ఏదో రాలేదని అర్థం. చివర్లో ఇంగ్లిష్ ‘డబ్ల్యూ’ అక్షరంతో మొదలయ్యేవి హెచ్చరికలు, ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో మొదలయ్యేవి ఎర్రర్లు. హెచ్చరికలు చూసి కంగారుపడి ఏవేవో మార్చి, బాగున్న సిస్టమ్‌ను పాడుచేసుకున్నవాళ్లను చూశాను. డబ్ల్యూ లైన్లు తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్యాకేజీలు (ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను కట్టిన మూటలు) ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వచ్చే ఎర్రర్ వేరే రకం. దీనికి కారణం ఆప్ట్ కింద ఇంకో పొర ఉండటం. ఒక ప్యాకేజీ ఫైలు విప్పి, సర్ది, సెటప్ చేసే పని డీపీకేజీది. అది ఉబుంటుకు మూలమైన డెబియన్ ప్రాజెక్టు తొలినాళ్ల నుంచీ ఉంది. ఏ ప్యాకేజీకి ఏది కావాలో లెక్క చూసి, ఇంటర్నెట్ నుంచి తెచ్చిపెట్టే ఆప్ట్ ఆ తర్వాత 1999లో డెబియన్ 2.1తో అందరి చేతికీ వచ్చింది. అందుకే కింద డీపీకేజీ విఫలమైతే పైన ఆప్ట్ చివరి లైన్లో ఒకే మాట అంటుంది: సబ్ ప్రాసెస్ డీపీకేజీ ఎర్రర్ కోడ్ 1 ఇచ్చింది. అందరూ ఈ లైన్నే కాపీ చేసి వెతుకుతారు. ఇందులో సమాచారం ఏమీ ఉండదు. అసలు కారణం ఇరవై ముప్పై లైన్ల పైన ఉంటుంది. టెర్మినల్ మూసేసినా పోదు. వార్ ఫోల్డర్లో లాగ్, అందులో ఆప్ట్, అందులో టర్మ్ డాట్ లాగ్ అనే ఫైల్లో మొత్తం అలాగే ఉంటుంది. హిస్టరీ డాట్ లాగ్‌లో ఏ రోజు ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో ఉంటుంది. నేను ఈ సాధనాన్ని నమ్మడానికి ఈ రెండు ఫైళ్లే పెద్ద కారణం.

ఇక నా తొలి దెబ్బ. 18.04 వాడుతున్న రోజుల్లో ఒక ఉదయం అప్‌గ్రేడ్ కొట్టగానే లాక్ దొరకలేదు అని వచ్చింది. వెతికితే, ఆ లాక్ ఫైల్‌ను తీసేయమని చాలామంది రాశారు. తీసేశాను. అప్‌గ్రేడ్ నడిచింది. కానీ ఆ సమయంలోనే వెనకాల ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్ నడుస్తోంది. రెండూ ఒకే డేటాబేస్ మీద పడి నాలుగు ప్యాకేజీలు సగం సెటప్ దగ్గర ఆగిపోయాయి. తర్వాత ఏది కొట్టినా, డీపీకేజీ మధ్యలో ఆగిపోయింది, కాన్ఫిగర్ కమాండ్ మీరే నడపండి అనే మెసేజ్. అది చెప్పినట్టే సుడో డీపీకేజీ కాన్ఫిగర్ ఏ కొట్టాను. మూడు సర్దుకున్నాయి. నాలుగోదాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది.

లాక్ అనేది తాళం లాంటిదే. లోపల ఎవరో పనిలో ఉన్నారని చెప్పడానికే అది ఉంది. ఐదు పది నిమిషాలు ఆగితే దానంతట అదే విడుస్తుంది. ఈ విషయంలో ఆప్ట్ నిజంగా మెరుగుపడింది. 20.04 నుంచి లాక్ ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) చేతిలో ఉందో పేరుతో, నంబరుతో చూపిస్తుంది. ఎర్రర్ ఇచ్చి వెళ్లిపోకుండా, అది వదిలేదాకా తానే ఆగుతుంది. ఆ లాక్ ఫైల్‌ను తీసేయమనే సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దయచేసి పాటించకండి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం బూట్ పార్టిషన్ (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం). డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నాను కాబట్టి బూట్ కోసం విడిగా చిన్న పార్టిషన్ ఏర్పడింది. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) వచ్చిన ప్రతిసారీ దాని ఇమేజ్, ఇనిట్ ర్యామ్ ఫైలు అందులో చేరతాయి. అవసరం తీరిన ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కొట్టే అలవాటు నేను చేసుకోలేదు. ఒక రాత్రి అప్‌గ్రేడ్ మధ్యలో, డివైస్‌లో చోటు లేదు అని ఆగింది. హోమ్‌లో చూస్తే బోలెడంత ఖాళీ. ఎక్కడ చోటు లేదో అర్థం కాలేదు. ఏ పార్టిషన్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ హెచ్ కొట్టి ఒక్కో వరుసా చూస్తే బూట్ ఎదురుగా 100 శాతం అని ఉంది.

సరే అని ఆటోరిమూవ్ కొట్టాను. అదీ ఆగిపోయింది. సగంలో ఉన్న కొత్త కెర్నల్‌ను పూర్తి చేయడానికే ముందు ప్రయత్నిస్తుంది, చోటు లేక మళ్లీ విఫలమవుతుంది. చోటు చేయాలంటే చోటు కావాలి. ఇక్కడ చాలామంది నేరుగా బూట్ ఫోల్డర్లోకి వెళ్లి ఫైళ్లు తీసేస్తారు. అలా చేస్తే ఫైలు పోతుంది కానీ ప్యాకేజీ ఉన్నట్టే లెక్కలో మిగిలిపోతుంది, తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ గొడవ. నేను చేసింది ఇది. ముందు యూనేమ్ ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు కాగితం మీద రాసుకున్నాను. అది ముట్టుకోకూడనిది. తర్వాత డీపీకేజీ ఎల్‌తో ఉన్న కెర్నల్ ఇమేజ్‌లన్నీ చూశాను. అన్నిటికంటే పాతదాన్ని, దాని మీద ఆధారపడ్డ ఎక్స్‌ట్రా మాడ్యూల్స్ ప్యాకేజీతో కలిపి, డీపీకేజీ పర్జ్‌తో తీసేశాను. కొంచెం చోటు దొరికింది. ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొడితే సగంలో ఉన్నది పూర్తయింది. ఆ తర్వాతే ఆటోరిమూవ్ పర్జ్ పనిచేసి మిగతా పాతవాటిని ఊడ్చేసింది. రీస్టార్ట్ చేసి లాగిన్ తెర కనిపించేదాకా ఊపిరి బిగపట్టుకునే కూర్చున్నాను.

ఆ రాత్రి తర్వాత కొత్త కెర్నల్ వచ్చి రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆటోరిమూవ్ కొడుతున్నాను. అది నడుస్తున్న కెర్నల్‌ను తీసేయదు, వెనక్కి వెళ్లడానికి పాతది ఒకటి కూడా ఉంచుతుంది. ఆ పాతది విలువైనది. ఒకసారి కొత్త కెర్నల్‌కు గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ తయారవక నల్ల తెర వచ్చినప్పుడు, బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తోనే లోపలికి వచ్చి సరిచేసుకున్నాను.

చిన్నదే కానీ నన్ను ఆశ్చర్యపరిచిన ఎర్రర్ ఇంకొకటి ఉంది. రెండు నెలలు పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్ తెరిచి అప్‌డేట్ కొడితే, రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు, ఇంకో అరవై రోజుల తర్వాత చెల్లుతుంది అని వచ్చింది. సర్వర్‌లో తప్పేమో అనుకున్నాను. నిజానికి లోపలి బ్యాటరీ అయిపోయి నా గడియారం రెండు నెలలు వెనకబడి ఉంది. ఆ నెట్‌వర్క్‌లో టైమ్ సింక్ కూడా జరగడం లేదు. టైమ్ డేట్ సీటీఎల్ కొడితే సింక్రనైజ్డ్ అన్నచోట నో అని కనిపించింది. జాబితాల మీద సంతకం, తేదీ ఉంటాయి. మన గడియారం ప్రకారం రేపటి తేదీతో ఉన్న కాగితాన్ని ఆప్ట్ నమ్మదు, నమ్మకూడదు కూడా. తేదీ సరిచేయగానే అంతా మామూలైంది.

హ్యాష్ సమ్ (ఫైలు సరిగ్గా వచ్చిందో చూసే లెక్క) కలవలేదు అనేదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దించిన జాబితా మధ్యలో చెడిపోయింది, లేదా మిర్రర్ సర్వర్ (ఉబుంటు ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్) అప్పుడే మారుతోంది. కాసేపాగి మళ్లీ కొట్టాలి. అప్పటికీ పోకపోతే వార్, లిబ్, ఆప్ట్, లిస్ట్స్ ఫోల్డర్లోని ఫైళ్లు తీసేసి అప్‌డేట్ కొడితే కొత్తగా దించుకుంటుంది. పేరు రిజాల్వ్ కాలేదు అంటే అది ఆప్ట్ గొడవ కాదు, ఇంటర్నెట్‌దో, సైటు పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌దో.

బయటి రిపాజిటరీలు (ఉబుంటువి కాని ప్యాకేజీల భాండాగారాలు) వేరే కథ. నాకు వచ్చిన ఎర్రర్లలో సగం వీటివల్లే. ఒక సాఫ్ట్‌వేర్ తయారీదారు తన సంతకం కీ (జాబితాలు తనవేనని రుజువు చేసేది) మార్చి కొత్తది ఎక్కడుందో సరిగ్గా చెప్పలేదు, పబ్లిక్ కీ లేదనే ఎర్రర్ వారం రోజులు వదల్లేదు. పాత ఆప్ట్ కీ పద్ధతిలో చేర్చిన కీని సిస్టమ్ అన్ని రిపాజిటరీలకూ నమ్మేది. ఇప్పుడు కీని ఈటీసీ, ఆప్ట్, కీరింగ్స్ ఫోల్డర్లో పెట్టి, ఆ రిపాజిటరీ లైన్లో సైన్డ్ బై అని దానికే కట్టేస్తాం. పని కొంచెం పెరిగింది కానీ ఇదే సరైన పద్ధతి. ఆప్ట్ కీ కమాండ్ ఇచ్చే పాత సూచన ఎక్కడ కనిపించినా దాటేయండి.

ఇంకోసారి, ఒక పీపీఏ (ఎవరైనా సొంతంగా నడిపే బయటి రిపాజిటరీ) నుంచి ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చింది. కొన్నాళ్లకు ఫుల్ అప్‌గ్రేడ్ (అవసరమైతే ఉన్న ప్యాకేజీలను తీసేసే అప్‌గ్రేడ్) కొడితే, తీసేయబోయే ప్యాకేజీలు అంటూ పెద్ద జాబితా వచ్చింది. అందులో డెస్క్‌టాప్, నెట్‌వర్క్ మేనేజర్ కూడా ఉన్నాయి. కింద వై ఆర్ ఎన్ అని అడుగుతోంది. వేలు ఎంటర్ మీదే ఉంది. అలవాటుగా నొక్కేసి ఉంటే ఆ సాయంత్రం అంతా అయిపోయేది, ఎందుకంటే అక్కడ ఎంటర్ అంటే అవునని. ఎన్ నొక్కాను. పీపీఏ పర్జ్ అనే సాధనం ఇన్‌స్టాల్ చేసి, ఆ పీపీఏను తీసేసి, లైబ్రరీని ఉబుంటు సొంత వెర్షన్‌కు దించాను. జాబితా మాయమైంది. అప్పటినుంచి తీసేయబోయేవి అన్న వరుస చదవకుండా ఎంటర్ నొక్కలేదు, ఎంత తొందరలో ఉన్నా.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. కొన్ని ప్యాకేజీలు కెప్ట్ బ్యాక్ (ఆపి ఉంచాం) అని చూపించినప్పుడు ఎందుకో ఆప్ట్ చాలాకాలం చెప్పలేదు. చాలాసార్లు అది ఎర్రరే కాదు. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను ముందు కొద్ది కంప్యూటర్లకే ఇచ్చి, ఫిర్యాదులు రాకపోతే మిగతావాటికి విడుదల చేస్తుంది. కొత్త వెర్షన్లలో ఫేజింగ్ వల్ల వాయిదా పడిందని స్పష్టంగా చెబుతోంది. బలవంతంగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. డిపెండెన్సీ (ఒక ప్యాకేజీకి ఇంకొకటి కావాల్సి రావడం) గొడవ మెసేజ్ మాత్రం ఇప్పటికీ కష్టమే. విరిగిన ప్యాకేజీలను మీరే పట్టి ఉంచారు అన్నట్టు వస్తుంది, నేను దేన్నీ పట్టి ఉంచలేదు. అప్పుడు ఆప్ట్ పాలసీ పక్కన ఆ ప్యాకేజీ పేరు పెట్టి కొడితే ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. సగం చిక్కు అక్కడే విడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ సంగతి ఆప్టే చెప్పాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా సిస్టమ్ మొత్తం తుడిచి మళ్లీ పెట్టుకోవాల్సి రాలేదు. పెద్ద అప్‌గ్రేడ్‌కు ముందు టైమ్‌షిఫ్ట్ అనే సాధనంతో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) తీస్తాను, సొంత ఫైళ్ల కాపీ వేరే డిస్క్‌లో ఉంచుతాను. ఒక ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు అందే వెర్షన్) నుంచి ఇంకో ఎల్‌టీఎస్‌కు మారేటప్పుడు, మొదటి పాయింట్ రిలీజ్ (కొత్త వెర్షన్‌కు వచ్చే తొలి సవరణల విడుదల) వచ్చి సిస్టమ్ తనంతట తాను అడిగేదాకా ఆగుతాను. 22.04 నుంచి 24.04కు అలాగే మారాను. ముందురోజు బయటి రిపాజిటరీలన్నీ ఆపేసి, బూట్‌లో చోటు చూసుకుని మొదలుపెడితే మధ్యలో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.