సెలైన్ సూది మూడ్రోజులకోసారి మార్చే హాస్పిటల్: 5కి 3 స్టార్లు

మా అత్తయ్యకి యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరితే గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేర్చాం, పేరు వద్దులెండి. డాక్టర్ గారు బాగా చూశారు, రూమ్ నీట్‌గా ఉంది, క్యాంటీన్ ఇడ్లీ మాత్రం రాయి. నా గొడవంతా చేతికి పెట్టే క్యాన్యులా గురించే, అదే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం.

అక్కడ 72 గంటలు దాటితే చాలు, బాగున్నా సరే పీకేసి కొత్తది పెడతారు. వాపు లేదు, ఎరుపు లేదు, యాంటీబయాటిక్ సాఫీగా పోతోంది, ఎందుకమ్మా అంటే "ప్రోటోకాల్ అండీ" అంది సిస్టర్. పెద్దావిడ నరాలు, గుచ్చగానే పక్కకి జారతాయి, నీలం రంగు క్యాన్యులా రెండుసార్లు ఫెయిలై చివరికి పిల్లలకి వాడే ఇంకా సన్నటి పసుపుది పెట్టారు. బిల్లులో చూస్తే ఆ పాడైనవాటికీ డబ్బులే, దానికి తోడు ప్లాస్టర్, త్రీవే (గొట్టానికి తగిలించే మూడు దారుల చిన్న ట్యాప్), సిరంజి, గ్లవ్స్.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ హాస్పిటల్స్‌లో 3,283 మంది మీద పెద్ద ట్రయల్ చేసి 2012లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు. మూడ్రోజులకి మార్చినా, తేడా వస్తేనే మార్చినా నరం వాచినవాళ్లు రెండు వైపులా 7 శాతమే, అవసరమైతేనే మార్చే పద్ధతిలో ఖర్చు మాత్రం తగ్గింది. సూది ఖరీదొక్కటే కాదు కదా, నర్సు టైమ్ కూడా లెక్కేయాలి.

అలాగని రూల్ ఎత్తేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు, స్విట్జర్లాండ్‌లో జెనీవా యూనివర్సిటీ హాస్పిటల్స్ వాళ్లు 2018లో అలాగే మానేస్తే రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మళ్లీ పాత పద్ధతికే వచ్చారు. అంటే మార్చకుండా ఉంచాలంటే ప్రతి షిఫ్ట్‌లో ఎవరో ఒకరు ప్లాస్టర్ దగ్గర చూడాలి, నొక్కితే నొప్పుందా అని అడగాలి, మందులు నోటికి మారగానే తీసేయాలి.

ఇక్కడ అదే లేదు. రెండో చేతికి పెట్టింది గడువుకి ముందే ఉబ్బిపోయింది, ప్లాస్టర్ కింద తడి, చేయి చల్లగా ఉంది, కనిపెట్టింది మా ఆడపడుచు. స్టిక్కర్ మీద డేట్ మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది! బాగున్నదాన్ని తీసి, పాడైనదాన్ని ఉంచితే దానికి మళ్లీ మేం డబ్బులు కట్టాలా?

మీవాళ్లని చేరిస్తే సిస్టర్‌ని కాదు, డ్యూటీ డాక్టర్‌నే అడగండి, "ఇది ఇప్పుడు మార్చాలా, ఇంజెక్షన్లు ఇంకెన్ని ఉన్నాయి" అని. మేం అడిగితే ఆఖరిది మార్చకుండానే టాబ్లెట్స్ రాసి పంపేశారు.