ఇంటింటి చెత్త బండి: ఏళ్ల తరబడి వాడాక, దాని గురించి పోట్లాడాక

బండికి ఐదుకి నాలుగు మార్కులిస్తాను. దాని పేరున డబ్బు వసూలు చేసే పద్ధతికి ఒకటే, అదీ ఈమధ్య రసీదు చేతికిస్తున్నారు కాబట్టి. రెండూ ఒకే ఆఫీసు పనులే. అయినా కలిపి మార్కులేస్తే పొద్దున్నే బండి తోలుకొచ్చే మనిషికి అన్యాయం జరుగుతుంది. అందుకే విడివిడిగా రాస్తున్నాను.

మాది గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక తగిలే చిన్న ఊళ్లలో ఒకటి. ఇక్కడ కార్పొరేషన్, మున్సిపాలిటీల కింద మూడో మెట్టు ఎన్‌ఏసీ, అంటే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. ఆంధ్రా వైపు వాళ్లు నగర పంచాయతీ అనుకోవచ్చు. ఊరి పేరు రాయను. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి మళ్లీ అదే కౌంటర్ ముందు నిలబడాల్సింది నేనే కదా. కింద మా టిఫిన్ కొట్టు, పైన మేముండే ఇల్లు. కాబట్టి ఈ బండిని ఇంటి మనిషిగానూ వాడాను, వ్యాపారం చేసే మనిషిగానూ వాడాను.

ముందు బండి సంగతి. ఇది రాకముందు మా వీధి చెత్తంతా చెరువు గట్టు మీదికి పోయేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ గట్టు మీది ప్లాస్టిక్ అంతా కాలవలో అడ్డం పడి, మురుగు నీళ్లు మా కొట్టు మెట్ల దాకా వచ్చాయి. తర్వాత ఒడిశా ప్రభుత్వం ఊరూరా కొత్త పద్ధతి పెట్టింది. బ్యాటరీ బండి, దాని మీద మహిళా సంఘాల ఆడవాళ్లు, తడి చెత్తకి ఒక డబ్బా, పొడి చెత్తకి ఒకటి. ఇంటింటికీ తిరిగి ఏది ఎందులో వెయ్యాలో చెప్పే అమ్మాయిని స్వచ్ఛ సాథి అంటారు. తడి చెత్తని కంపోస్టు కేంద్రానికి, పొడి చెత్తని ఏరి వేరుచేసే షెడ్డుకి తీసుకెళ్తారు. రెంటినీ కలిపి వెల్త్ సెంటర్ అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు చూసి మావాళ్లు మొదట్లో నవ్వారు. తయారైన ఎరువుని ‘మో ఖతా’ పేరుతో అమ్ముతారు. మా మేడ మీది కనకాంబరం కుండీలకి అదే వాడుతున్నాను. బాగా పనిచేస్తోంది, వాసన లేదు. ఎప్పుడైనా జల్లెడ పట్టని బస్తా అంటగడితే మాత్రం గాజు పెంకులు తగులుతాయి, చేత్తో కలపకండి.

బండి పొద్దున ఏడు లోపే వస్తుంది. టిఫిన్ కొట్టుకి ఇది పెద్ద ఇబ్బంది. మా చెత్తంతా పదకొండు దాటాకే తయారవుతుంది: కొబ్బరి డొక్కలు, ఉల్లి తొక్కలు, తిని పారేసిన ఆకులు. రెండో ట్రిప్పు వెయ్యమని అడిగితే కొన్నాళ్లు వేశారు, తర్వాత మానేశారు. మూతున్న పెద్ద డ్రమ్ము కొనుక్కుని మర్నాటి దాకా దాచడం మొదలుపెట్టాం. వేసవిలో ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్లడం ఎంత కష్టమో హోటల్ నడిపేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పనస పళ్ల రోజుల్లో బండి కూడా చాలదు. మా వీధి చివరికి వచ్చేసరికి తడి డబ్బా నిండిపోయి ఉంటుంది.

బండి మనుషులకి మాత్రం వంక పెట్టలేను. 2020లో సూరత్ నుంచి మా జిల్లా కుర్రాళ్లు వేలకొద్దీ తిరిగొచ్చి, ఊళ్లన్నీ కరోనాతో వణికిపోయిన నెలల్లో కూడా బండి ఆగలేదు. మా వైపు వచ్చే ఆవిడ ఒడియా మనిషి, నేను నానీ అంటాను, ఒడియాలో అక్క అని. చేతులకి సరైన గ్లవ్స్ కూడా ఇవ్వలేదు, అయినా ఒక్క గుమ్మం దాటిపోలేదు. నాలుగు మార్కుల్లో రెండు అచ్చంగా ఆవిడవే.

ఇక డబ్బు. మొదట్లో ఇంటికి నెలకి 30 రూపాయలన్నారు, కొట్టుకి వేరే రేటన్నారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. నిజానికి కాదనడానికి లేదు కూడా. 2016 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన, అప్పట్లో అమల్లో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో నాలుగో నియమం ప్రకారం చెత్త పుట్టించే ప్రతివాళ్లూ దాన్ని వేరుచేసి ఇవ్వాలి, స్థానిక సంస్థ బైలాలో, అంటే అది రాసుకున్న సొంత నిబంధనల్లో ఉన్న రుసుము కట్టాల్సి ఉండేది. అదే నియమాల్లో పదిహేనోది ఆఫీసు చెయ్యాల్సిన పనులు చెప్పేది: ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లాలి, బైలా తయారుచెయ్యాలి, చెత్త ఏరుకుని బతికేవాళ్లని ఇందులో కలుపుకోవాలి. మా కౌంటర్ గోడకి మాత్రం నాలుగో నియమం ఒక్కటే అతికించారు.

గొడవ మొదలైంది బండి చెడిపోయాక. బ్యాటరీ పోయిందన్నారు, టెండరన్నారు, వానాకాలం మొత్తం మా రెండు వీధులకి బండి లేదు. చెత్త మళ్లీ చెరువు గట్టుకే పోయింది. ఆ నెలలకి కూడా రుసుము రాసి, బకాయి కింద చూపించి, హోల్డింగ్ ట్యాక్స్ కట్టడానికి వెళ్లినవాళ్లని వెనక్కి పంపడం మొదలుపెట్టారు. చెత్త బకాయి తీరిస్తేనే ఇంటి పన్ను తీసుకుంటారట. నా లైసెన్స్ కాగితం అలాగే ఆపారు. పైగా కొట్టుకి ఒకటి, ఇంటికి ఒకటి, రెండు బకాయిలు. గుమ్మం ఒకటే, డ్రమ్ము ఒకటే, బిల్లులు రెండు. మా ఎదురింటి పిల్ల పురిటికని వచ్చి, బిడ్డ జనన సర్టిఫికెట్ కోసం వెళ్తే, తాతగారి చెత్త బకాయి కట్టి రమ్మన్నారు. అక్కడే వీధికి కోపం వచ్చింది. జనన సర్టిఫికెట్ ఇచ్చేది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద. తాతగారి తడి చెత్తకీ దానికీ ఏం సంబంధం? 2016 నియమాల్లో తప్పు చేసినవాళ్ల మీద జరిమానా గురించి ఉంది గానీ, సర్టిఫికెట్ ఆపమని ఎక్కడా లేదు.

అడుగుదామంటే అప్పట్లో కౌన్సిలరే లేడు. 2018లో పాత కౌన్సిళ్ల గడువు తీరాక, రిజర్వేషన్ కేసుల వల్ల ఒడిశాలో చాలా ఊళ్లకి 2022 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరే (ఇ.ఓ.) అన్నీ. ఆయన మీటింగ్‌లో ఉంటారు, లేకపోతే భువనేశ్వర్‌లో ఉంటారు.

శనివారం సాయంత్రాలు రామమందిరం అరుగు మీద కూర్చోవడం అలా మొదలైంది. తెలుగువాళ్లం ఎక్కువ, ఒడియా ఇళ్లు కొన్ని, రెండు ముస్లిం కుటుంబాలు. మొదటి రోజే కుర్రాళ్లు చెత్తంతా తీసుకెళ్లి ఆఫీసు గుమ్మం ముందు పోసేద్దామన్నారు. వీడియో బాగా వస్తుందట. రిటైరైన రైల్వే మాస్టారొకాయన, “పోసేది మీరు బాబూ, ఎత్తేదెవరు? ఇ.ఓ. గారు ఎత్తుతారా?” అని అడిగారు. ఆ మాట అక్కడితో ఆగింది. రుసుము కట్టడం మానేద్దామన్న మాట కూడా వచ్చింది. మానేస్తే ఎగవేసేవాళ్లంటూ మనమీదే ముద్ర వేస్తారని అదీ వద్దనుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, బండి వచ్చిన నెలలకి కడదాం, రాని నెలలకి లెక్క అడుగుదాం. రసీదు మీద “అభ్యంతరంతో చెల్లించాం” అని రాయించుకుందాం.

బండి రాలేదని రుజువేమిటి మరి? అక్కడ పనికొచ్చినవి వంటింటి క్యాలెండర్లు. మా ఇళ్లలో రెండు క్యాలెండర్లుంటాయి, తిథులకి తెలుగుది ఒకటి, ఊరి పండగలకి ఒడియా కోహినూర్ ఒకటి. పాలవాడు రాని రోజులకి గళ్లలో గీతలు గీయడం ఆడవాళ్లకి అలవాటే. చాలామంది బండికి కూడా గీశారు. ఎవరూ చెప్పకుండానే! అవన్నీ తెచ్చి పక్కపక్కన పెడితే దాదాపు ఒకే రోజులు కలిశాయి. వాటిని ఫోటోలు తీసి, తేదీల పట్టిక రాసి, అందరి సంతకాలతో సోమవారం జాయింట్ గ్రీవెన్స్‌కి పట్టుకెళ్లాం. కలెక్టరూ ఎస్పీ కలిసి కూర్చుని అర్జీలు తీసుకునే రోజది. అర్జీ ఒడియాలో రాయించాం. తెలుగులో రాస్తే తీసుకోరని కాదు, తీసుకున్నాక చదివే మనిషి కోసం ఫైలు ఆగిపోతుందని.

సమాచార హక్కు దరఖాస్తు ఇంకో దారి. ఇది చెయ్యబోయేవాళ్లకి రెండు మాటలు. ఒడిశాలో తెల్లకాగితం మీద రాసిస్తే చాలదు, ‘ఫారం ఎ’ నింపాలి, గుర్తింపు కార్డు నకలు పెట్టాలి. పది రూపాయల ఫీజు కట్టాలి, మేం కోర్టు ఫీ స్టాంపు అతికించాం. ఇంగ్లీషు, హిందీ, ఒడియా, ఏదైనా పరవాలేదు. మేమడిగినవి: బైలా నకలు, రేట్ల పట్టిక, మా వార్డులో బండి తిరిగిన లాగ్‌బుక్, ఆ ఏడాది వసూలైన రుసుము, అది దేనికి ఖర్చయింది. ముప్ఫై రోజుల గడువు దాటింది, జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక కాగితాలు కదిలాయి. వచ్చిన వాటిలో లాగ్‌బుక్ పేజీలు మా క్యాలెండర్ల కన్నా మాకే ఎక్కువ సాయం చేశాయి. బండి షెడ్డులో ఉందని వాళ్ల చేత్తోనే రాసుకున్నారు. రేట్ల పట్టికలో ఇల్లూ కొట్టూ ఒకే చోట ఉంటే ఎక్కువ ఉన్న రేటు ఒకటే వెయ్యాలని ఉంది. నా రెండు బిల్లుల సంగతి అలా బయటపడింది. ఖర్చు వివరం మాత్రం ఒక్క ముక్కలో ముగించారు: “పారిశుధ్య పద్దు.” అంతే!

ఈ మధ్యలో విశాఖ నుంచి మా అప్ప, అంటే మా అక్క ఫోన్లు. వాళ్లకి 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని పెట్టి నెలకి 120 వసూలు చేశారు. చెత్త పన్నని ఊళ్లకి ఊళ్లు తిరగబడ్డాయి. చివరికి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. “మాకు ఎత్తీసారు కదే, మీరింకా కడతన్నారేటి?” అని అప్ప ఎగతాళి. మా అరుగు మీదా కొందరు అదే అడుగుదామన్నారు. నాకు ఇష్టం లేకపోయింది, ఇప్పటికీ లేదు. మాది చిన్న ఊరు, ఆఫీసుకి సొంత రాబడి తక్కువ. ఈ డబ్బు ఆగిపోతే ముందు కోత పడేది ఇ.ఓ. గారి జీపుకి కాదు, నానీ లాంటి వాళ్ల నెల జీతానికని నా భయం. అదీగాక, డబ్బు కట్టని రోజుల్లో మా మాట ఎవరూ విన్నదీ లేదు. రసీదు చేతిలో ఉంది కాబట్టే లాగ్‌బుక్ అడగగలిగాం. అప్పకి ఇది నచ్చదు. “నీకు ఒడియా గాలి సోకింది” అంటుంది.

ఫలితాలంటారా, కొన్ని వచ్చాయి. బండి తిరగని నెలల రుసుము మా రెండు వీధులకి కొట్టేశారు. అదే వార్డులో అర్జీ పెట్టని మూడో వీధికి కొట్టెయ్యలేదు, వాళ్లు ఇప్పుడు పెట్టారు. నా రెండు బిల్లులు ఒకటయ్యాయి, ఎక్కువ కట్టిన సొమ్ము తిరిగివ్వకుండా రాబోయే నెలల్లో సర్దుతామన్నారు, సర్దుతున్నారు. సర్టిఫికెట్లు ఆపడం మానేశారు, కానీ నోటి మాటే, కాగితం ఇవ్వలేదు. కొత్త గుమాస్తా వస్తే మళ్లీ మొదలవచ్చని మాస్టారి అనుమానం. 2022 ఎన్నికల్లో ఒడిశాలో మొదటిసారి చైర్‌పర్సన్‌ని కూడా జనమే నేరుగా ఎన్నుకున్నారు. అప్పుడు మా అరుగు దగ్గరికి రాని అభ్యర్థి లేరు. ఒకాయన చెత్త రుసుమే ఉండదన్నాడు, ఇంకొకాయన రోజుకి రెండుసార్లు బండన్నాడు. మాకు కావలసింది నెలకోసారి లాగ్‌బుక్ గోడకి అతికించడం. అది చేస్తానన్నవాళ్లు లేరు. గెలిచిన కౌన్సిలర్ ఫోన్ ఎత్తుతుంది, అది పెద్ద మార్పే.

వాడేవాళ్లకి నా సలహాలు కొన్ని. రసీదు ఇవ్వకపోతే డబ్బివ్వకండి. నెల పేరు రాయించుకోండి, ఊరికే ‘యూజర్ ఫీ’ అని రాసి ఇచ్చేస్తారు. ఇల్లూ వ్యాపారం ఒకే చోట ఉంటే రేట్ల పట్టిక చూడందే కట్టకండి. వంద మంది దాటే పెళ్లో పేరంటమో పెట్టుకుంటే మూడు పనిదినాల ముందే ఆఫీసుకి చెప్పాలని అదే 2016 నియమాల్లో ఉండేది. చెబితే ఇక్కడ పెద్ద బండి పంపుతున్నారు, మా మేనల్లుడి పెళ్లికి వచ్చింది. విస్తరాకులు తడి డబ్బాలోకి, పేపర్ ప్లేట్లు వేరేగా పెట్టి ఉంచండి, లేకపోతే ముట్టుకోరు.

ఇంకా తేలనిది డైపర్లు, ప్యాడ్ల సంగతి. కాగితంలో చుట్టి విడిగా ఇమ్మంటారు, ఇస్తాం, కానీ మా బండిలో దానికి మూడో అర లేదు. నానీ ఒక పాత సిమెంటు సంచి కట్టుకుని అందులో వేసుకుంటోంది. షెడ్డుకి వెళ్లాక అది ఎటు పోతోందో ఆవిడకీ తెలియదు. వచ్చే శనివారం అరుగు మీద రాయబోయే అర్జీ దాని గురించే. గ్లవ్స్ కూడా అందులోనే చేర్చమని చెప్పాను.