రాతి ఒత్తిడి తెలియాలంటే బోరు గోడను చూడాలా, నీళ్లతో చీల్చాలా?

భూతాప శక్తి కోసం లోతున ఉన్న వేడి రాతిలోకి నీళ్లు ఎక్కించి చీలికలు తెరవాలంటే, అక్కడి రాయి ఎటు నుంచి ఎంత నొక్కుడులో ఉందో ముందు తెలియాలి. చీలిక మన ఇష్టం వచ్చిన వైపు పోదు. అతి తక్కువ ఒత్తిడి ఉన్న దిశకు అడ్డంగా (లంబంగా) పరుచుకుంటుంది. అమెరికాలోని ఫెంటన్ హిల్ అనే భూతాప ప్రయోగ స్థలంలో 1980లలో రెండు లోతైన బోర్లు ముందే వేసేసి, చీలికలతో వాటిని కలపాలని చూశారు. చీలికలు వేరే దారి పట్టాయి. చివరికి ఒక బోరునే చీలికలున్న చోటికి తిప్పి మళ్లీ తవ్వారు.

నిలువు ఒత్తిడితో తంటా లేదు. అది పైనున్న రాతి బరువే. గ్రానైట్‌లో కిలోమీటరుకు సుమారు 26 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలత), అంటే మూడు కిలోమీటర్ల లోతున 80కి దగ్గర. చిక్కంతా పక్కల నుంచి నొక్కే రెండిటితోనే.

సొరంగాలు, గనుల వాళ్లను అడిగితే ఓవర్‌కోరింగ్ అంటారు. సన్నటి రంధ్రంలో స్ట్రెయిన్ గేజ్‌లు (రాయి ఎంత సాగిందో, కుంచించుకుందో కొలిచేవి) అంటించి, దాని చుట్టూ పెద్ద బిట్‌తో గుండ్రటి రాతి ముక్క (కోర్) కోసేస్తే, నొక్కుడు వదిలిన రాయి కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నుంచి ఒత్తిడి మొత్తం, మూడు దిశల్లోనూ, ఒకేసారి లెక్కకొస్తుంది. పద్ధతి చక్కనిదే. కానీ కిలోమీటర్ల లోతున, 200 డిగ్రీల వేడిలో జిగురుతో గేజ్ అంటించే పని ఊహించుకోండి. మన పనికి దీన్ని పక్కన పెట్టొచ్చు.

మిగిలినవి రెండు. ఒకటి బోరు గోడను ఫొటో తీసినట్టు ఇమేజ్ లాగ్ చేయడం. బోరు తవ్వగానే చుట్టూ ఒత్తిడి సర్దుకుంటుంది. తక్కువ ఒత్తిడి దిశలో, ఎదురెదురుగా రెండు పక్కల గోడ పెచ్చులూడుతుంది. దీన్నే బ్రేకవుట్ అంటారు. దానికి 90 డిగ్రీల దూరంలో గోడ మీద సన్నటి నిలువు పగుళ్లు కూడా పడొచ్చు. వేడి బోరులో చల్లటి మడ్ (తవ్వేటప్పుడు పంపే బురద ద్రవం) తిరిగినప్పుడు రాయి కుంచించుకుంటుంది కాబట్టి ఈ పగుళ్లు మరీ తేలిగ్గా వస్తాయి. వేడి ఇక్కడ మనకు సాయమే చేస్తోందన్నమాట! బోరు ఎలాగూ తవ్వాం, లాగ్ ఎలాగూ చేస్తాం, కాబట్టి అదనపు ఖర్చు తక్కువ. వందల మీటర్ల పొడవునా దిశ తెలుస్తుంది. ఎంత ఒత్తిడి అన్నది మాత్రం దీనితో తేలదు. పెచ్చు వెడల్పు నుంచి లెక్కకట్టే సూత్రాలున్నా, రాతి బలం కచ్చితంగా తెలియకపోతే అది అంచనాయే.

రెండోది మినీఫ్రాక్. బోరులో కొంత భాగాన్ని రబ్బరు ప్యాకర్లతో పైనా కిందా మూసి, మధ్యలోకి నీళ్లు పంపి, చిన్న చీలిక తెచ్చి, పంపు ఆపేస్తారు. చీలిక మూసుకునేటప్పటి ప్రెషరే దాదాపుగా అక్కడి కనీస ఒత్తిడి. ఒక్క చీలికతో ఆగకూడదు. అదే చోట మూడు నాలుగు సార్లు తెరిచి మూసి, ప్రతిసారీ ఆ ప్రెషర్ ఒకేలా వస్తోందా చూడాలి. గట్టి గ్రానైట్‌లో నీరు ఇంకదు, ప్రెషర్ నెమ్మదిగా దిగుతుంది, చీలిక ఏ క్షణాన మూసుకుందో గ్రాఫ్ మీద పట్టుకోవడం కష్టం. దానికితోడు వేడికి ప్యాకర్ రబ్బరు చెడుతుందన్న టెన్షన్. బోరు లోపలే ఇరుక్కుందా, ఇక అంతే.

గరిష్ఠ ఒత్తిడిని మాత్రం మినీఫ్రాక్ కూడా నేరుగా చెప్పదు. చీలిక మొదటిసారి పడిన ప్రెషర్ నుంచి లెక్కగట్టే పాత సూత్రం ఉంది కానీ, అందులో రాతి తన్యత బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం), గోడలో ముందే ఉన్న పగుళ్లు వేలు పెడతాయి. ఆ అంకెను ఒకే విలువగా రాసిన రిపోర్ట్ చూస్తే నాకు అనుమానమే. ఇంత నుంచి ఇంత అని రాస్తే నమ్ముతాను.

రెండిట్లో ఒక్కటే చేయగలిగితే? నేను మినీఫ్రాక్‌కే ఓటేస్తాను. ఎంత ప్రెషర్‌తో పంపితే చీలిక అదుపు తప్పుతుందో చెప్పేది అదే. కానీ ఇమేజ్ లాగ్ మానేయడానికి కారణమే లేదు. ముందు లాగ్ చూసి, గోడ పెచ్చులూడని, పాత పగుళ్లు లేని చోటు ఎంచుకుని అక్కడ ప్యాకర్లు దించాలి. ఇదంతా అసలు ఇంజెక్షన్‌కు ముందే జరగాలి. పెద్ద ఎత్తున నీళ్లెక్కించి రాతిని ఒకసారి కదిలించాక, కొలిచేది మన చేతి పని కలిసిన ఒత్తిడినే.