పాత బుల్లెట్ మడ్‌గార్డులు రిపేరుకిస్తున్నారా? రంగు పడకముందే రేకు చూడండి

నాన్నగారి 1974 బుల్లెట్ 350 నా చేతికొచ్చేసరికి ముందు మడ్‌గార్డుకు మూడు సొట్టలు, వెనకదానికి ఒకటి. గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే ఆ కాలపు బండి. ఇంజను చూసే మెకానిక్కులు ఇంకా దొరుకుతున్నారు, రేకు పని తెలిసినవాళ్లకే కరువు. ఎవరో చెబితే రెండు మడ్‌గార్డులూ విప్పి మా ఊళ్లో ఒక టింకరింగ్ షెడ్డులో ఇచ్చాను. పన్నెండు వేలకు బేరం, ఎనిమిది వేలు అడ్వాన్స్.

పది రోజులన్నవాడు ఐదు వారాలు తిప్పాడు. మధ్యలో రెండుసార్లు వెళ్తే "ప్రైమర్ ఆరుతోంది సార్, తలుపు తీస్తే దుమ్ము పడుద్ది" అని బయటి నుంచే పంపేశాడు. అనుమానం అప్పుడే రావాల్సింది. ఇచ్చిన రోజు మాత్రం నల్ల రంగు అద్దంలా ఉంది, దాని మీద బంగారు గీత కూడా చక్కగా కుదిరింది. మురిసిపోయి మిగతా డబ్బు కట్టేశాను.

రెండు నెలలు తిరక్కుండానే ముందుదానికి స్టే బోల్టుల (మడ్‌గార్డును పట్టి ఉంచే కడ్డీల బోల్టులు) దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. ఒక్క వానకు వాటి చుట్టూ రంగు బొబ్బలెత్తింది. గోటితో గీకితే పెచ్చులా ఊడొచ్చింది. లోపలంతా లప్పమే (సొట్టలు పూడ్చే పుట్టీ), ఒకచోట సెంటీమీటరు మందం! సొట్ట లేపనే లేదు, పాత రంగు మీదే పూసేశాడు. లప్పం వాడటం తప్పు కాదు. సుత్తి పని అయ్యాక మిగిలిన ఎగుడుదిగుళ్లకు రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా పూస్తే నిలుస్తుంది. సింగిల్ సిలిండర్ బండి వణుకుడికి మందపాటి లప్పం ఆగదు. పగిలిందంటే నీళ్లు పీల్చి కింద రేకును తుప్పు పట్టిస్తుంది.

అసలు దెబ్బ వెనకదానిలో ఉంది. ఎప్పుడో టెయిల్ ల్యాంప్ దగ్గర రేకు చీలితే నాన్నగారు లోపలివైపు ఇత్తడి కరిగించి అతికించే బ్రేజింగ్ పెట్టించారు. వైరు క్లిప్పులు బిగిద్దామని కింద చూస్తే ఆ పసుపు గీత లేదు. వేలితో కొడితే నూనె డబ్బా మోత. బోల్టు రంధ్రాలు కలవక ఆకురాయితో సాగదీసి ఉన్నాయి. అంటే నా అసలు రేకు ఉంచేసుకుని, బజారులో దొరికే పల్చటిది రంగేసి ఇచ్చాడు. అడిగితే "మీరిచ్చిందే సార్" అన్నాడు. నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. ఇది నా తెలివితక్కువతనమే.

ముందుదాన్ని తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ల పని చేసే ఒక పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన రంగు, లప్పం మొత్తం ఒలిచి, మొదట అంచు మడత సరిచేశాడు. లోపల డాలీ (చేత్తో పట్టే ఇనుప దిమ్మ) ఆనించి, సొట్ట చుట్టూ అంచుల నుంచి నడిమికి చిన్న దెబ్బలతో వచ్చాడు. నడిమిలో బలంగా బాదితే రేకు సాగిపోయి డబ్బా మూతలా టకటకలాడుతుందట. అలా సాగినచోట చిన్న చుక్కంత ఎర్రగా కాల్చి తడిగుడ్డతో అద్దితే ముడుచుకుంటుందని చేసి చూపించాడు. నన్ను పక్కనే స్టూలేసి కూర్చోబెట్టుకున్నాడు, దాచేదేమీ లేదు కదా.

మీరు ఇచ్చేముందు లోపలివైపు పంచ్‌తో రెండు చుక్కలు కొట్టుకోండి, రెండు వైపులా ఫోటోలు తీసుకోండి. వట్టి రేకు చూపించాకే ప్రైమర్ అని బిల్లు మీద రాయించండి. ఒప్పుకోకపోతే సామాను వెనక్కి తెచ్చేసుకోండి. రంగేసి అమ్మకానికి పెట్టిన పాత బండి కొనేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. గీతలు పడకుండా పల్చటి గుడ్డ చుట్టి మడ్‌గార్డు పొడుగునా జరపండి, పట్టు జారినచోట కింద లప్పం ఉన్నట్టే. లోపలివైపు కొత్తగా తారులాంటి కోటింగ్ దట్టంగా కొట్టి ఉంటే కింద ఏం దాచారో ఇంకా జాగ్రత్తగా చూడండి.

ముందు మడ్‌గార్డు ప్రస్తుతం రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్)తోనే తిరుగుతోంది, రంగుకు తొందర లేదు. వెనకది మాత్రం ఇంకా వెతుకుతున్నాను. టెయిల్ ల్యాంప్ బ్రాకెట్టుకు ఎడమ పక్క, లోపలివైపు, బెత్తెడు పొడుగు ఇత్తడి గీత. ఎవరి బండికైనా కనిపిస్తే కాస్త చెప్పండి.